పదకొండు కొమ్ముల రాగం

నిక్షేపంగా బతికున్న మనిషి కోసం ఊరు ఊరంతా కళ్ళు తుడుచుకోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటం ఏమిటి, తుడిపించింది నేనే. అది కూడా పట్టపగలు, మైకులో, ఆర్మూరు పసుపు మార్కెట్టు నడిమధ్యలో, ఆ మనిషి చేయి పట్టుకుని మరీ. ఇప్పటికీ ఆ దారిన పోవాల్సి వస్తే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటాను. ఎండకు అనుకుంటారు చూసినవాళ్ళు. అనుకోనివ్వండి.

ఆ మనిషి పేరు దామోదర్. డిస్కో దామోదర్ అంటేనే మా వైపు తెలిసేది. నిజామాబాద్‌లో సొంత ఆర్కెస్ట్రా. తళతళలాడే చొక్కా, తెల్ల ప్యాంటు, మెడ మీద పడే జుట్టు. బొంబాయివాళ్ళకు వాళ్ళ పాప్ స్టార్లు ఎందరున్నారో నాకు తెలియదు. మాకు మాత్రం ఇతనొక్కడే. అతనికి ఎన్ని పాటలు వచ్చినా జనం అడిగేది ఒక్కటే, సైకిల్ గంట పాట. ఒక పడుచువాడు రోజూ ఒక పిల్ల ఇంటి ముందు సైకిల్ గంట కొడతాడు, ఆ పిల్ల తలుపు తీయదు. అంతే కథ. రెండో చరణం చివర తలుపు తీయమని బతిమాలుతూ ఒక పొడుగు రాగం తీస్తాడు. ఆ రాగానికి తలుపులే కాదు, కిటికీలు కూడా వాటంతటవే తెరుచుకోవాలి. నా కొంప ముంచింది ఆ రాగమే.

ఎనభైలలో నేను, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక సేటు అడ్తి దుకాణంలో పసుపు ఏరే పనికి పోయేదాన్ని. రైతులు తెచ్చిన పసుపును రేకుల షెడ్డులో కుప్ప పోస్తే, వేళ్ళలా పొడుగ్గా ఉండే కొమ్ములను ఒక గంపలోకి, బొడిపెల్లాంటి గోళలను ఇంకో గంపలోకి ఏరాలి. నా ఎదురుగా కూర్చునేది రాబియా. నాకంటే పదేళ్ళు చిన్నది. మా ఇద్దరికీ ఒకటే కుప్ప, ఎవరి గంపలు వారివి. నోళ్ళకు మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే పని.

షెడ్డులో గడియారం లేదు. ఉన్నా నాకు చూడటం రాదు, అప్పటికి అక్షరం ముక్క తెలియదు. ఏరేవాళ్ళం మేమంతా కాలాన్ని చేతిపనితోనే కొలిచేవాళ్ళం.

"బువ్వకు ఇంకెంత సేపుందే రాబియా?"

"రెండు గంపలు అక్కా."

భీమ్‌గల్ బస్సు గంపన్నరకు ఒకటి వచ్చేది. పక్క షెడ్డు ఆమె తన అత్త మీద చెప్పుకునే ముచ్చట్లు నాలుగు గంపలు. గంప కంటే చిన్న సంగతులకు కొమ్ముల లెక్క. తుమ్ముకు ఒక కొమ్ము. సేటు తిట్టుకు ఆరు కొమ్ములు, మంచి మూడ్‌లో ఉంటే నాలుగు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినంత నమ్మకంగా మేం ఈ లెక్క చెప్పేవాళ్ళం.

ఏటా పసుపు సీజను ఊపందుకోగానే అడ్తి సేట్లంతా కలిసి మార్కెట్టులో పూజ చేయించి, మధ్యాహ్నం దామోదర్ పాటలు పెట్టించేవారు. ఆ రోజు కూడా మాకు సెలవు లేదు. స్టేజీ మా షెడ్డుకు ఎదురుగానే గనక, చెవులు అటు పెట్టి చేతులు ఇటు ఆడించేవాళ్ళం. మొదటి ఏడాది ఆ రాగం మొదలవగానే అలవాటు కొద్దీ నా చేతులు లెక్కపెట్టాయి. పదకొండు కొమ్ములు. అంత పొడుగు రాగం నేను అంతకు ముందు విన్నది లేదు. సుతిలి తాడు ఒకటి తెంపి పదకొండు ముడులు వేసి షెడ్డు గుంజకు కట్టాను.

ఆ తర్వాత ఏటా అదే పని. రెండో ఏడాది అతను చేతిలో నిజం సైకిల్ గంట పట్టుకుని కొడుతూ పాడాడు. పదకొండు ముడులు. మూడో ఏడాది గంట పోయి కీబోర్డు వచ్చింది. అందులోంచి గంట చప్పుడు బదులు కోడిపిల్ల అరుపు వచ్చింది. పది. నాలుగో ఏడాది ఏకంగా సైకిలే స్టేజీ మీదికి తెచ్చి, ఒక కాలు పెడలు మీద పెట్టి పాడబోయి తబలాల మీద పడ్డాడు. లేచి మళ్ళీ పాడాడు పాపం. ఎనిమిది.

"పడ్డడు గదక్కా, దమ్ము గుంజింది" అంది రాబియా.

"పడ్డది నడుము. దమ్ముకేమైంది?"

"నాకైతే గీ సాలే మస్తు నచ్చింది. పడ్డాక పాడిన పాట అస్సల్ పాట."

"నీకు నచ్చుడు వేరు, లెక్క వేరు."

ఏ ఏడాది పాట బాగుంది అన్న దాని మీద మా ఇద్దరికీ పడేది కాదు. ఆమె పాట వినేది, నేను ముడులు చూసేదాన్ని. ఐదో ఏడాది ఏడు. ఆరో ఏడాది ఆరు. ఆ సాయంత్రం గుంజకు వేలాడుతున్న ఆరు తాళ్ళనూ ఒకదాని పక్కన ఒకటి పట్టుకుని చూశాను. మెట్లు దిగినట్టు దిగుతున్నాయి.

నవ్వకండి. మా అన్న బీడీలు చుట్టేవాడు. అతని మాట కూడా ఇలాగే ఏటా కొంచెం కొంచెం పొట్టిదయింది. పిలిస్తే గల్లీ చివర దాకా వినిపించే గొంతు, చివరి ఏడాది పక్క మంచానికి కూడా చేరలేదు. మేం ఎవరం గమనించలేదు. అందుకే ఈసారి నేనొక్కదాన్నయినా గమనించానని నాకు గట్టి నమ్మకం.

"రాబియా, దామోదర్ ఊపిరి అయిపోతున్నదే."

"ఛోడో అక్కా. మనిషి గుర్రం లెక్క ఎగురుతుండు."

"ఎగురుడు కాళ్ళ పని. తాళ్ళు చూడు. గిట్లనే పోతే ఇంకో ఐదారేండ్లల్ల ఒక్క కొమ్ము గూడ ఉండదు."

రాబియా నోరు తెరిచి ఏదో అనబోయింది. నా ముఖం చూసి మూసుకుంది. ఆమె ఆ రోజు ఆ నోరు తెరిచి ఉంటే ఈ కథే లేదు.

ఈ విషయం నేను ఎవరికీ చెప్పలేదు. మంచినీళ్ళ కుండ దగ్గర నలుగురికి, హమాలీల్లో ఇద్దరికి, బస్టాండులో పూలమ్మే ఆమెకు, అంకాపూర్ నుంచి విత్తనాలు తెచ్చే ఒక పెద్దమనిషికి తప్ప. వాళ్ళకు కూడా ఎవరికీ చెప్పవద్దనే చెప్పాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ధర్పల్లి నుంచి ఎల్లవ్వ అనే రైతు ఆడమనిషి మా దుకాణానికి దాచిపెట్టుకున్న పసుపు తెచ్చింది. కాంటా కోసం ఎదురుచూస్తూ మా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"గీ ముచ్చట ఎరికేనా సాయవ్వా? దామోదర్‌కు ఒక్కటే ఊపిరితిత్తి ఉన్నదట."

నేను కొమ్ము కింద పడేశాను. "ఎవలు చెప్పిన్రు?"

"భీమ్‌గల్ల అందరు అనుకుంటున్నరు. రెండోది ఆపరేషన్ చేసి తీసేసిన్రట. ఆర్మూర్ల పెద్ద పెద్దోళ్ళకు ముందుగల్లనే తెల్సట."

నేను రాబియా వైపు గర్వంగా చూశాను. "ఇన్నవా? నేను ఒక్కదాన్నే అంటే నమ్మకపోతివి. భీమ్‌గల్ భీమ్‌గలే అంటున్నది."

ఆర్మూరు పెద్ద పెద్దోళ్ళు అంటే నేనూ, నీళ్ళ కుండా అని నాకు ఆ నిమిషాన తట్టలేదు. నేను వదిలిన గాలిపటమే గాలికి తిరిగి వచ్చి నా నెత్తి మీద వాలితే, ఆకాశం నుంచి ఉత్తరం వచ్చిందని కళ్ళకద్దుకున్నాను.

"మా కొడుకు పెండ్లికి ఆయన్నే మాట్లాడుకున్నం" అంది ఎల్లవ్వ. "ఇగ వద్దని కబురు పంపినం. పందిట్ల పాడుకుంట పాడుకుంట ఏమన్న అయితే ఆ పాపం మాకెందుకు?"

"మంచి పని చేసిన్రు" అన్నాను నేను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను.

ఏడో ఏడాది పూజ వచ్చింది. వారం ముందే సేటు దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"సేటూ, ఈసారి ఆ సైకిల్ గంట పాట పెట్టియ్యకుండ్రి. ఆ మనిషి పానం మీదికొస్తది."

"పాట పాడితే పానం పోతదానే? గట్లయితే నీ ముచ్చట్లకు నువ్వు ఎన్నిసార్లు పోవాలె? పో, పని చూసుకో."

సేటు మాట వినలేదు గనక నా ఏర్పాట్లు నేను చేసుకున్నాను. ఇంట్లో పసుపు, మిరియాలు వేసి పాలు కాచి చెంబులో పోసుకుని, చెంబుకు గుడ్డ చుట్టి గంప పక్కన పెట్టుకున్నాను.

దామోదర్ వచ్చాడు. ఈసారి అతని భార్య కూడా వచ్చి స్టేజీ పక్కన కుర్చీలో కూర్చుంది. జనం ఎప్పటిలా ఈలలు వేయలేదు. జబ్బు మనిషి ఇంటికి పలకరింపుకు వచ్చినట్టు నిశ్శబ్దంగా చూస్తున్నారు. అతను పాట మొదలుపెట్టాడు. మొదటి చరణం అయింది, రెండో చరణం వచ్చింది, రాగం ఎత్తుకున్నాడు. నా చేతులు కుప్పలోకి పోయాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.

రాగం ఆగిపోయింది.

ఐదు. ఆ తర్వాత నేను లేచింది, చెంబు తీసింది, జనాన్ని తోసుకుంటూ మెట్లెక్కింది నాకు సరిగా గుర్తులేదు. మూడో చరణం మొదటి మాట మీద ఉన్న మనిషిని, మైకు పట్టుకున్న చేయితో సహా పట్టుకున్నాను.

"చాలు తమ్మీ, చాలు. ఇగ పాడకు."

ఆ మాట గుంజలకు కట్టిన మైకుల్లోంచి బస్టాండు దాకా పోయింది.

"అక్కా, పాట నడుస్తున్నది గదా" అన్నాడు అతను బిత్తరపోయి.

"పాట పోతే పోనీ. పానం ఉంటే ఇంకో పాట కట్టుకోవచ్చు. ముందుగల్ల గీ పాలు తాగు."

అతనికి ఏం చేయాలో తోచక చెంబు అందుకున్నాడు. దాంతో జనానికి ఉన్న అనుమానం కూడా తీరిపోయింది. ముందు వరసలో ఎల్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. హమాలీలు తలపాగాలు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. ఎవరో కుర్చీ తెచ్చి దామోదర్‌ను బలవంతంగా కూర్చోబెట్టారు. కీబోర్డు వాయించే అతనయితే సంగతి ఏమీ తెలియకుండానే, అందరూ ఏడుస్తున్నారని తనూ ఏడ్చాడు.

అతని భార్య స్టేజీ మీదికి వచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, నిప్పులు ఉన్నాయి.

"ఎవలమ్మా నువ్వు? మా ఇంటాయనకు ఏమైందని?"

"దాచకు చెల్లే. అందరికి తెల్సిపోయింది. ఒక్క ఊపిరితిత్తితోని ఎంత కష్టపడుతుండో."

దామోదర్ చెంబు కింద పెట్టాడు. మెల్లగా అన్నాడు. "గిదా సంగతి? నాలుగు నెలల సంది ఒక్క పెండ్లి లేదు, ఒక్క జాతర లేదు. ఎందుకని అడిగితే ఎవలు చెప్పరు. ఏడికి పోయినా కొబ్బరినీళ్ళు తాగిపిస్తరు. మా అత్తగారింటోళ్ళు వచ్చి నా కాళ్ళు ఒత్తిన్రు. అత్తగారింటోళ్ళు అక్కా."

"ఇంకో నెల గిట్లనే ఉంటే కీబోర్డు అమ్ముకునుడే" అంది భార్య. "ఆర్కెస్ట్రాల పదిమంది ఉన్నరు. వాళ్ళ పిల్లలు ఏం తినాలె?"

నేను మనిషిని బతికిస్తున్నాననుకున్నాను. ఆమె మాటలు వింటుంటే, పది ఇళ్ళ పొయ్యిల్లో నీళ్ళు పోసినట్టున్నాను.

సేటు వచ్చాడు. "ఏమే సాయవ్వా, గీ ముచ్చట నీకెవలు చెప్పిన్రు?"

"భీమ్‌గలోళ్ళు సేటూ."

"వాళ్ళకెవలు చెప్పిన్రు?"

అప్పుడు నాకు నీళ్ళ కుండ గుర్తొచ్చింది. రాబియాను పంపి తాళ్ళు తెప్పించాను. పదకొండు ముడుల నుంచి ఆరు ముడుల దాకా అన్నీ సేటు చేతిలో పెట్టి, రాగాన్ని కొమ్ములతో ఎలా కొలిచానో, ఈ ఏడాది ఐదుకు ఎలా పడిపోయిందో చెప్పాను. దామోదర్ ఒక్కో తాడునూ తన ఎక్స్‌రే చూసుకున్నట్టు ఎత్తి పట్టుకుని చూశాడు. అతని ముఖం కూడా పాలిపోయింది. చేత్తో ఛాతీ తడుముకున్నాడు. నిజంగా చెబుతున్నాను, మరో రెండు నిమిషాలు ఆగితే అతనే నమ్మేసేవాడు.

రాబియా ముందుకొచ్చింది. "సేటూ, మైకు కిష్టయ్య తాన అన్ని సాలల కేసెట్లు ఉన్నయ్ గదా. ఫస్టు సాల్ది పెట్టియ్యుండ్రి. అక్కను మల్ల ఏరమనుండ్రి."

మైకు కిష్టయ్య ప్రతి ఏడూ కార్యక్రమాన్ని కేసెట్‌లో పట్టి దాచేవాడు. మొదటి ఏడాది కేసెట్ తీశాడు. గంప, చాటెడు పసుపు స్టేజీ మీదికి వచ్చాయి. జనమంతా దగ్గరికి జరిగారు. నేను ధీమాగా కూర్చున్నాను. పదకొండు వస్తుందని నాకు తెలుసు, తాడు సాక్ష్యం ఉంది.

కేసెట్‌లో రాగం మొదలైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. రాగం అయిపోయింది.

"కేసెట్ అరిగింది" అన్నాను.

"అరిగితే చప్పుడు తగ్గుతదక్కా. రాగం పొట్టిగ ఎట్లయితది?" అన్నాడు దామోదర్. అతని ముఖంలోకి అప్పుడప్పుడే రక్తం వస్తోంది.

"మల్ల పెట్టుండ్రి. ఇందాక తుమ్ము వచ్చేటట్టయింది."

మళ్ళీ పెట్టారు. ఐదే. అందులో ఒకటి గోళ. ఇంకొకటి సన్న పుల్ల.

"జర జరుగక్కా" అని రాబియా నా చోట్లో కూర్చుంది. అదే కేసెట్. ఆమె వేళ్ళు కోడి గింజలు పొడిచినట్టు ఆడాయి. పదకొండు. కిష్టయ్య ఈ ఏటి కేసెట్ వెనక్కి తిప్పి పెట్టాడు, నేను చేయి పట్టుకోక ముందు పాడిన రాగం. రాబియా లెక్క పెట్టి తలెత్తింది.

"పన్నెండు. ఫస్టు సాల్ కంటే ఒకటి ఎక్కువ."

మార్కెట్టు అంతా నవ్వింది. ఆ నవ్వుకు షెడ్డు రేకులు ఎగిరిపోతాయనుకున్నాను. నేను మాత్రం నా చేతుల వంక చూసుకుంటున్నాను. ఏడేళ్ళుగా తగ్గుతున్నది అతని ఊపిరి కాదు. నా చూపు. ఈ మధ్య ప్రతి కొమ్మునూ చేయి చాపి దూరంగా పెట్టుకుని చూస్తున్న మాట నిజమే. షెడ్డులో దుమ్ము పెరిగిందనుకున్నాను. సూదుల కంపెనీ వాళ్ళు రంధ్రాలు చిన్నవి చేస్తున్నారనుకున్నాను. లోకంలో ఒక్కొక్కటిగా అన్నీ పాడవుతుంటే, నా కళ్ళు తప్ప అన్నిటినీ అనుమానించాను.

"మరి నా గంప ఏ రోజు తక్కువ కాలే గదనే" అన్నాను రాబియాతో.

రాబియా పసుపు చేతులు చూసుకుంటూ అంది. "రెండేండ్ల సంది నీ గంపల నేను ఏస్తున్నక్కా. నీ కొమ్ములల్ల గోళలు నేనే తీస్తున్న."

"చెప్పొద్దానే?"

"చెప్తే పని బంద్ చేస్తవని బుగులయింది. నువ్వు రాకపోతే దినమంత నేను ఎవలతోని మాట్లాడాలె?"

మైకు ఇంకా ఆన్‌లోనే ఉందని మా ఇద్దరికీ గుర్తులేదు. ఆర్మూరు బస్టాండులో బస్సు ఎక్కబోతున్నవాళ్ళు కూడా ఆగి విన్నారట.

దామోదర్ మైకు నా చేతికిచ్చాడు. "అక్కా, చంపింది నువ్వే. బతికియ్యి."

నేను, ఇతనికి రెండు ఊపిరితిత్తులూ ఉన్నాయని, రెండూ పని చేస్తున్నాయని, చత్వారం నాకు వచ్చిందని, అతని కొబ్బరినీళ్ళు ఇక నుంచి నాకు ఇవ్వమని చెప్పాను. ఎల్లవ్వ కింద నుంచే అరిచింది.

"మా పెండ్లికి రాండ్రి మల్ల. ఆ పొడుగు రాగం రెండుసార్లు తియ్యాలె."

అతని భార్య అప్పుడు కూర్చుంది. పొద్దున్నించి ఆమె సరిగా కూర్చోనేలేదని ఆమె భుజాలు కిందికి దిగినప్పుడు తెలిసింది. నా చెంబులో మిగిలిన పాలు ఆమే తాగేసింది. దామోదర్ పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. నా మీద కోపమో, సంతోషమో, ఆ రాగాన్ని ఎంతకీ వదల్లేదు. ఎన్ని కొమ్ములో నేను లెక్క పెట్టలేదు. నాకు ఏడుపు అడ్డం వచ్చింది. ఆ రోజు ఆర్మూరులో ఏడవాల్సినవాళ్ళందరూ ఏడవడం అయిపోయాక ఏడ్చిందాన్ని నేనొక్కదాన్నే.

మర్నాడే రాబియా నన్ను దవాఖానకు లాక్కుపోయింది. కళ్ళద్దాలు వచ్చాయి. తర్వాత కొన్నాళ్ళకు ఆ అద్దాలతోనే వయోజన బడిలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. కానీ దానికి ముందు ఎల్లవ్వ కొడుకు పెళ్ళి ఉంది. మమ్మల్నిద్దరినీ పిలిచింది. దామోదర్ పాడుతున్నాడు, జనం ఈలలు వేస్తున్నారు, పందిట్లో దంచడానికి పెట్టిన పసుపు చాట నా ముందే ఉంది. కళ్ళద్దాలు కొత్తవి, చేతులు పాతవి. రాగం మొదలవగానే ఆగలేకపోయాను.

పద్నాలుగు.

రాబియా చెవిలో అన్నాను. "పిల్లా, ఎవలకు చెప్పకు. దామోదర్‌కు ఏదో మందు దొరికింది. ఏడాదికేడాది వయసు తగ్గుతున్నది."

రాబియా నా కళ్ళద్దాలు తీసి తన రొండిన దోపుకుంది.

అందుకని పెద్దలారా, అమ్మలారా, ఈ కాగితం మీద నా చేత్తో నేనే రాసి ఒట్టు పెడుతున్నాను. ఇకపై ఏ మనిషి ఊపిరినీ నా వేళ్ళతో కొలవను. ఎవరి ఆయుష్షునూ సుతిలి తాడుకు ముడి వేయను. పాట వినాల్సి వస్తే రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చుంటాను. పాట పూర్తిగా అయిపోయి, పాడినవాడు మంచినీళ్ళు తాగి, వాడి పెళ్ళాం కూడా నవ్విందని రాబియా నాకు చెప్పాక మాత్రమే, చప్పట్ల కోసం బయటికి తీస్తాను.